ఉడకబెట్టిన గరిజెల పేరు

వంటకానికి పేరు వండిన మనిషి నుంచి వస్తుందా, పిండిని కోసిన పనిముట్టు నుంచి వస్తుందా? ఏళ్లుగా నాతో ఉన్న ప్రశ్న ఇది. పోయిన వారం కొత్తకోట నుంచి ఫోన్ వచ్చినప్పుడు, ఎందుకో అదే ముందు గుర్తొచ్చింది. "అక్కా, అమ్మ పోయింది" అన్నది పెద్దమ్మ కూతురు. గద్వాలలో నేను చదువుకున్న హాస్టల్‌లో మాకు వండిపెట్టిన పెద్దమ్మ ఇక లేదు.

హాస్టల్ నడిపే క్రైస్తవ సిస్టర్లలో ఒకామె ఇటలీ నుంచి వచ్చింది. తన ఊరి వంట ఒకటి పెద్దమ్మకు నేర్పింది. పలుచగా ఒత్తిన మైదాలో ఖీమా పెట్టి, మడిచి, ఉడకబెట్టాలి. పేరు అన్యొలోత్తి. మాకు నోరు తిరగక, కజ్జికాయల్లా ఉన్నాయని ఉడకబెట్టిన గరిజెలు అనేవాళ్లం. క్రిస్మస్‌కు మాత్రమే దొరికేవి. పెద్దమ్మ స్టీలు గ్లాసు బోర్లించి పిండిని గుండ్రంగా కోసేది, అంచులు వేలితో నొక్కేది. ఒక్కటి విచ్చుకుంటే చాలు, లొల్లి.

"మంట గింత పెద్దగ వెట్టిందెవరే? నా చేతికేం రోగం లేదు!"

మంట పెట్టింది ఆమే.

యూనివర్సిటీలో ఉన్నప్పుడు అన్యొలోత్తి అనే పేరు గురించి చదివాను. ముట్టడి తొలగిపోయిన ఒక కోటలో అంజెలోత్ అనే వంటవాడు దొరికిన మాంసమంతా పిండిలో చుట్టి విందు చేశాడని, అతని పేరే నిలిచిందని ఒక కథ. కాదు, పిండిని కోసే ఉంగరంలాంటి పనిముట్టు పేరది అంటారు ఇంకొందరు. రెండూ పెద్దమ్మకు చెప్పాను.

"గ్లాసు పేరు ఎవరన్న వెడ్తరానే? ఆ వంటాయన పేరే" అని తేల్చేసింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా, "జర ఆయన ముచ్చట చెప్పు" అనేది.

ఆమె బతికున్న చివరి ఏడాది వేళ్లు వణికేవి. నొక్కినవన్నీ నీళ్లలో విచ్చుకునేవి. పొయ్యిని తిట్టడం కూడా మానేసి, గిన్నెలోకి చూస్తూ కూర్చునేది. ఊరట కోసం అన్నాను, "వీటికి నీ పేరే పెట్టాలి పెద్దమ్మా" అని.

"నా పేరేంది? ఊకో. నలుగురు తిని మూతి తుడుసుకుంటే సాలు."

కాసేపటికి మళ్లీ ఆమే అడిగింది: "ఆయన సచ్చినంకనే వెట్టిన్రా ఆ పేరు?"

తెలియదన్నాను.

నిన్న ఆమె కోసం జరిగిన ప్రార్థనకు వెళ్లాను. వచ్చినవాళ్లకు ఆ గరిజెలే వండుతోంది కూతురు. హైవే పక్కన టిఫిన్ సెంటర్ తెరుస్తోందట, అక్కడా ఇవి పెడుతుందట.

"బోర్డు రాసెటాయన రేపొస్తడక్కా. అమ్మ పేరు రాయించాల్నా? వద్దంటుండె గదా. సదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

వద్దన్న మాట నేనూ విన్నాను. ఆ తర్వాతి ప్రశ్న నేనొక్కదాన్నే విన్నాను. అది కూతురికి చెప్పాను. ఆమె బోర్లించి ఉన్న గ్లాసును పైకెత్తింది. పీట మీది పిండిలో దాని అంచు గీత మిగిలింది.

పెద్దమ్మ పేరు కావాలనుకుందో, వద్దనుకుందో, నాకు ఇప్పటికీ తెలియదు.