పేరు పలకని దేవుడు

వేపాకు చూస్తే నాకు టుండే గుర్తొస్తాడు. హైదరాబాద్‌లో నాతో చదువుకున్న నైజీరియా స్నేహితుడు, యోరుబా తెగవాడు. ఓ ఎండాకాలం సిద్దిపేట దాటి ధూళిమిట్ట వెళుతూ, మంచినీళ్ళ కోసం ఒక ఇంటి ముందు బండి ఆపాం. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి.

"గాడనే ఆగుండ్రి బిడ్డా, నా మనుమరాలికి అమ్మతల్లి పోసింది," అంది ముసలమ్మ. ఆమె చేతిలో పోచమ్మకు కలిపిన పెరుగన్నం ఉంది.

ఒంటి మీద పొక్కులు లేస్తే ఇక్కడ రోగం పేరు పలకరని, అమ్మవారు వచ్చిందంటారని టుండేకి చెప్పాను. అతను చటుక్కున చెప్పులు విడిచాడు.

"మా దగ్గర పొక్కులు పోసేదీ, మాన్పేదీ ఒక దేవుడే. మేమూ ఆయన పేరెత్తం. రాజు అంటాం."

ఆ మాట ముసలమ్మకు చెప్పాను.

"మొగదేవుడా! మా తల్లికి అన్న అయితడేమో. పిల్లను సల్లగ చూడుమని గాయనకు గూడ జెప్పుమను."

టుండే కళ్ళు మూసుకుని తన భాషలో ఏదో గొణిగాడు. ఆమె పెరుగన్నంలో సగం తీసి వేరే ఆకులో పెట్టింది. "గిది మీ రాజుకు," అంది.

టుండే తన దేశం వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆ దేవుడి పేరు ఫోన్లో వెతికితే క్షణంలో దొరుకుతుంది. నేనింకా వెతకలేదు.