కొట్టేసిన పద్యం

అమెరికాలోని డులూత్‌లో పెద్ద సరస్సు ఒడ్డున ఉండే కవయిత్రి వెర్నా లిండ్‌క్విస్ట్ రాసేదానికంటే కొట్టేసేది ఎక్కువ. పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని, పెదవులు కదుపుతూ తన పద్యాలే తను చదువుకునేది. మాట కాస్త బరువనిపిస్తే చాలు, దాని మీద గీత పడేది. డెబ్బై ఎనిమిదో ఏట ఆమె కవితలన్నీ ఒకే సంపుటంగా వేస్తామని ప్రచురణకర్తలు వచ్చినప్పుడు, ఒక పద్యాన్ని మొత్తంగా తీసేసింది. అది తమ్ముడు ఓరిన్ మీద రాసింది. తల్లిని పాతిపెట్టిన రోజు అతను తప్పతాగి, మంచులో కూలబడి పసివాడిలా ఏడ్చిన సంగతి అందులో ఉంది. అది అచ్చయినప్పటి నుంచీ అతను అక్క గడప తొక్కలేదు. ఇన్నాళ్ళకు తప్పు దిద్దుకున్నాననుకుంది వెర్నా.

పుస్తకం వచ్చాక ఊరి లైబ్రరీలో సభ పెట్టారు. జనం వెళ్ళిపోతుండగా ఓరిన్ వచ్చాడు. ఓడల్లో ఇనుప ఖనిజం మోసి మోసి మొద్దుబారిన వేలితో విషయసూచికంతా వెతికాడు.

"నాది లేదేం?"

"నీకు కోపం కదరా, అందుకే తీసేశాను."

"కోపం వచ్చిన మాట నిజమే. అచ్చేసే ముందు నాతో ఓ మాట అనలేదని వచ్చింది. పోనీ, తీసేసేటప్పుడైనా అడిగావా?" అతని గొంతు తగ్గింది. "అమ్మ కోసం నేను ఏడ్చానని లోకంలో ఎక్కడైనా ఉందంటే అందులోనే ఉంది, వెర్నా."

అయినా పుస్తకం కొన్నాడు. సంతకం చెయ్యమని ముందుకు జరిపాడు. వెర్నా 'ఓరిన్‌కి' అని రాసింది. ఆ తర్వాత ఆమెకు ఒక్క మాటా తోచలేదు.