బాషా సాక్సోఫోన్ కోసం ఉదయగిరి దాకా

కరుణమ్మ టీచర్ ఫోన్‌లో మాట్లాడింది రెండు నిమిషాలే. ఉదయగిరి చర్చిలో కృతజ్ఞత కూడిక శనివారమని, ఈసారి సాక్సోఫోన్ కావాలని, దారిలో ఆత్మకూరులో దిగి బాషాను నేనే వెంటబెట్టుకుని రావాలని చెప్పింది. "ఆయన్ని వద్దన్నది నువ్వే గదా నాయనా. ఆయన రాకపోతే నువ్వు గూడా రావొద్దు," అని ఫోన్ పెట్టేసింది.

శనివారం ఉదయం ఆరున్నరకు నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కాను. ఆ వేళకు సీటు సులువుగానే దొరుకుతుంది. వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న రైతు అనంతసాగరం పోతున్నాడట. కాసేపు పెట్టెను చూసి అడిగాడు.

"ఫిడేలా సార్? చావుకా, పెళ్ళికా?"

ఉదయగిరి చర్చిలో కూడిక ఉందన్నాను.

"అట్టయితే భోజనానికి ఢోకా లేదు," అని కండువా ముఖం మీద కప్పుకుని నిద్రపోయాడు.

నాకు నిద్ర రాలేదు. ఆ కూడిక సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడే చెప్పాలి. ప్రార్థన, భోజనాలు అయ్యాక సాయంత్రం నాలుగింటికి చర్చి ముందు షామియానా కింద అందరూ కూర్చుంటారు. ముందుగా అనుకున్న పాటలంటూ ఉండవు. కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు తమకు తోచిన చిన్న ముక్క ఎత్తుకుంటారు. జోలపాటలో ఒక వరస కావచ్చు, నాట్లలో పాడేది కావచ్చు. దాన్ని పట్టుకుని మేం అప్పటికప్పుడు పెంచుకుంటూ పోవాలి. కరుణమ్మ టీచర్ది మాండలిన్, నాది వయొలిన్, బాషాది సాక్సోఫోన్. బాషా ఆత్మకూరులో పెళ్ళి బ్యాండు వాయించే కుటుంబంలో పుట్టినవాడు. ఒక ముక్క ఆయన చేతికి వస్తే పది దారులు పట్టేది.

ఆరేళ్ళ క్రితం కూడికలో జనం ఆయన్నే చూస్తున్నారు. ముందు వరసలో ఎవరో, "ఫిడేలు వినపడటం లేదే," అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మా అందరికీ ఆధారంగా మోగే శ్రుతిపెట్టె నా కాళ్ళ దగ్గరుండేది. మంచినీళ్ళకు లేచిన విరామంలో దాన్ని రెండున్నర శ్రుతి నుంచి మూడుకు జరిపాను. పాడేవాళ్ళు అడిగారని టీచర్‌కు అబద్ధం చెప్పాను. బాషాకు అసలేమీ చెప్పలేదు. నాకు శ్రుతి మార్చడమంటే వయొలిన్ బిరడాలు తిప్పడమే. ఆయన సాక్సోఫోన్ రెండున్నరకు పుట్టింది. ఆ శ్రుతిలో వేళ్ళు వాటంతటవే నడుస్తాయి. అర మెట్టు పైకి పోతే ప్రతి స్వరానికీ మూలల్లో ఉండే చిన్న మీటలు వెతుక్కోవాలి. ఆయన వెతుక్కున్నాడు, తడబడ్డాడు. జనం నవ్వారు. మరుసటి ఏడు ఆయన్ని పిలవాలా అని టీచర్ అడిగితే, "ఆయన బ్యాండు మేళానికైతే సరిపోతాడు," అన్నాను. ఇక పిలవలేదు.

ఎనిమిదింటికి ఆత్మకూరులో దిగాను. బస్టాండు ఎదురుగా కారం దోసె తిన్నాను. బాగుంటుంది, కానీ ఆరోజు నాకు రుచి తెలియలేదు. బాషా ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక. ఆయన వరండాలో కూర్చుని ఎవరిదో క్లారినెట్ బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు గానీ కుర్చీ చూపించాడు. ఆయన భార్య టీ తెచ్చింది.

టీచర్ రమ్మందని చెప్పి, టీ చల్లారేలోపే మిగతాదీ చెప్పేశాను. శ్రుతి జరిపింది నేనేనని, కావాలనే జరిపానని.

"అది తెలుసు సార్," అన్నాడు బాషా తల ఎత్తకుండా. "శ్రుతి మారితే నాకు తెలీకుండా ఉంటాదా? నువ్వు వచ్చి చెప్తావని ఒక ఏడాది చూసినాను. తరవాత చూడటం మానుకున్నా."

అప్పుడు రెండోదీ చెప్పాను. బ్యాండు మేళం మాట. ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది.

"ఇది తెలీదు," అన్నాడు.

ఆయన నాన్న, తాత అదే మేళం వాయించి పిల్లల్ని పెంచారు. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అంతలో ఆయన భార్య గడపలో నిలబడి, పిలిచింది టీచరమ్మ గదా, ఈ సార్ కాదు గదా అంది. టీచరమ్మ కోసం పోవాలంది. బాషా లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో సాక్సోఫోన్ పెట్టె ఉంది.

"నాకు చెప్పింది చాలదు సార్. అక్కడ నవ్వినోళ్ళకి చెప్పు. చెప్పినాక వాయిస్తా. చెప్పకపోతే భోజనం చేసి వచ్చేస్తా."

పదిన్నరకు ఉదయగిరి బస్సు దొరికింది. బాషా కిటికీ దగ్గర కూర్చుని, పెట్టెను మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టాడు. దుత్తలూరులో పది నిమిషాలు ఆగితే నేను దిగి రెండు సోడాలు తెచ్చాను. ఒకటి తీసుకున్నాడు. దుత్తలూరు దాటాక మెట్ట చేలు, మినుము, మేకల మందలు. ఎదురుగా కొండ పెద్దదవుతూ వచ్చింది. సోమశిల ప్రాజెక్టు నీళ్ళు ఈసారి ఎంతవరకు వచ్చాయో ముందు సీటువాళ్ళు వాదించుకుంటుంటే వింటూ పన్నెండున్నరకు ఉదయగిరిలో దిగాం.

కరుణమ్మ టీచర్ చర్చి గేటు దగ్గరే ఉంది. బాషా చేతులు పట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, "ముందు అన్నాలు తినండి," అంది.

నాలుగింటికి షామియానా నిండింది. వయొలిన్ పక్కన పెట్టి లేచాను. నిలబడి చెప్పాను: "ఆరేళ్ళ కిందట బాషా తప్పు వాయించలేదు. నేను ఆయనకు చెప్పకుండా శ్రుతి మార్చినాను. ఆయన్ని పిలవొద్దన్నదీ నేనే. కుళ్ళుతో చేసినాను."

సంఘ పెద్ద ఒకాయన చేతికర్ర మీద ఆనుకుని లేచాడు. నన్ను ఏమంటాడోనని తల దించుకున్నాను. ఆయన నన్ను చూడనే లేదు. "బాషా, ఆరోజు నవ్వినోళ్ళల్లో నేను గూడా ఉండాను నాయనా," అని కూర్చున్నాడు.

బాషా పెట్టె తెరిచాడు. వెనక వరసలో ఒక అవ్వ సాయంత్రం గొడ్లను ఇంటికి పిలిచే కేక ఎత్తుకుంది. రెండు స్వరాలే, చివర్లో చిన్న సాగదీత. నేను శ్రుతిపెట్టెను రెండున్నరలో పెట్టబోయాను.

"మూడులో పెట్టు," అన్నాడు బాషా.

నేను సందేహించాను.

"పెట్టు సార్. ఆరేళ్ళుగా పొద్దున్నే దాంట్లోనే వాయిస్తా ఉండాను."

ఆ రెండు స్వరాలనే ఆయన మొదట మెల్లగా, అవ్వ పిలిచినట్టే పిలిచాడు. తర్వాత మూడోది చేర్చాడు. గొడ్డు వినీ విననట్టు దూరంగా పోతున్నట్టుంది. మళ్ళీ పిలిచి ఆగాడు. ఒకప్పుడైతే ఆ ఖాళీని నేను గబగబా నింపేసేవాణ్ణి. ఈసారి కమాను తీగ మీద పెట్టి ఊరుకున్నాను. ఆయన నా వైపు తల ఊపాక, ఒక్క స్వరం సన్నగా లాగాను. టీచర్ మాండలిన్ మీద గొడ్ల మెడగంటల్లా నాలుగు మీటులు వేసింది. అక్కడి నుంచి ముగ్గురం ఎటు పోయామో ముందుగా మాకే తెలియదు. ఒకచోట బాషా వేలు జారి వేరే స్వరం పడింది. ఆయన ఆగలేదు, ఆ జారుడునే మళ్ళీ కావాలని వేశాడు, మూడోసారి ఇంకాస్త సాగదీశాడు. జనం నవ్వారు. బాషా కూడా కళ్ళతో నవ్వుతూ ఊదాడు. అవ్వ లేచి, ఇంక గొడ్లు వచ్చేసినాయి, ఆపండిరా అనేదాకా వాయించాం.

రాత్రికి చర్చి గదిలో చాపలిచ్చారు. కూడికకు వచ్చినవాళ్ళు టీచర్‌కు ముందే చెబితే అక్కడ పడుకోవచ్చు. దోమలకు ఏదైనా తెచ్చుకోవాలి.

ఆదివారం ఉదయం ఆరుంబావు బస్సుకు తిరిగి బయలుదేరాం. నేను నెల్లూరుకు టికెట్టు తీసుకున్నాను, బాషా ఆత్మకూరుకు. దుత్తలూరు దాటేదాకా ఆగి, ఇంకా కోపం ఉందా అని అడిగాను.

బాషా కాసేపు ఆలోచించాడు. "వాయించేటప్పుడు గుర్తు రాలా. బస్సెక్కినాక మళ్ళా వచ్చినాది."

ఉదయగిరికి పోయి ఒక మాట చెప్పి వస్తే పని అయిపోతుందనుకున్నాను. అక్కడ అయింది మొదలు మాత్రమేనని ఆ సీట్లో కూర్చున్నాకే తెలిసింది. ఆయన ఆరేళ్ళ పొద్దులను నేనొక్క సాయంత్రంతో తిరిగివ్వలేను.

ఆత్మకూరు బస్టాండులో బాషా దిగాడు. నాలుగడుగులు వేసి, కిటికీ దగ్గరికి తిరిగొచ్చాడు.

"ఇంటికి పోయి వాయించుకుంటాను. ఒక గంట," అన్నాడు. రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

కండక్టర్ విజిల్ వేశాడు. నెల్లూరు టికెట్టు చేతిలో ఉండగానే నేను వయొలిన్ తీసుకుని దిగిపోయాను.