స్కైలాబ్ అంచు

మొన్న శ్రావణమాసానికి ముందు హనుమకొండ చౌరస్తాలో ఒక చీరల దుకాణానికి వెళ్లాను. మూడంతస్తులు, లిఫ్టు, అడుగు పెట్టగానే చలి పుట్టించే ఏసీ ఉన్నదాన్ని దుకాణం అంటే ఇప్పటి పిల్లలకు నవ్వొస్తుందేమో గానీ, నా నోటికి ఆ మాటే అలవాటు. మోకాళ్ల పుణ్యమా అని నాకో కుర్చీ వేశారు. పక్కనే ఒక పెద్దావిడ, కేసముద్రం వైపు నుంచి వచ్చినట్టుంది, తన ముందు కుప్పపోసిన చీరలన్నీ అవతలికి నెట్టేసి, "అవి గాదు బిడ్డా, జర స్కైలాబ్ అంచుది ఉంటె తియ్యి" అంది. ఇరవై ఏళ్లు నిండాయో లేదో తెలియని ఆ సేల్స్ గర్ల్ ఏమాత్రం తడుముకోకుండా వెనక్కి తిరిగి, ముదురు నీలం మీద వెండి జరీతో నాలుగు రేకుల పువ్వులు వరసగా నడిచే అంచు ఉన్న చీర ఒకటి తీసి ఆమె ముందు పరిచింది. ఆ పేరింకా బతికే ఉందని నాకు తెలియదు.

నా ఈడువాళ్లకు స్కైలాబ్ అనగానే, అది నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు వణికిపోయిన రోజులు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం మా అమ్మ గుర్తుకొస్తుంది. ఎందుకో చెప్పాలంటే వరంగల్ బజారులో మాకున్న బట్టల దుకాణం దగ్గర మొదలుపెట్టాలి.

ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. ఆ పరదాకు ఇవతల అమ్మ రాజ్యం, అవతల బాపు రాజ్యం. మా వ్యాపారస్తుల ఇళ్లలో ఆడవాళ్లు దుకాణంలోకి రావడం అప్పట్లో లేదు. అమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ పరదా దాటలేదు. సరుకు ఎంత తేవాలో, ఎవరికి ఎంతకు ఇవ్వాలో ఆమెను అడిగినవాళ్లు లేరు. ఒక్క విషయంలో తప్ప. కొత్త చీరల మూట వచ్చిందంటే, దుకాణంలో విప్పకముందే పొద్దున్నే ఇంట్లోకి వచ్చేది. నులకమంచం మీద అమ్మ దాన్ని విప్పి, ఒక్కో రకం అంచును బొటనవేలితో అటూ ఇటూ రాసి చూసి, దానికో పేరు పెట్టేది.

ఇప్పటివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. మిల్లువాళ్లు చీరకు నంబరు ఇస్తారు గానీ, నంబరు చెప్పి చీర అడిగే ఆడమనిషిని నేనైతే చూడలేదు. కట్టుకుని బస్సెక్కితే పక్క సీటామె, పెళ్లికి వెళ్తే వియ్యపురాలు, "ఏం చీర వదినె ఇది?" అని అడుగుతారు కదా, అప్పుడు చెప్పుకోవడానికి ఒక పేరుండాలి. ఆ పేరు అమ్మ పెట్టేది, బాపు మాత్రం గద్దె మీద కూర్చుని అది బొంబాయి నుంచే అలా వచ్చినట్టు చెప్పేవాడు. అవి అమ్మ పెట్టినవని నేను కూడా బయట ఎక్కడా అనకూడదని గట్టి ఆజ్ఞ. అమ్మ దానికేమీ నొచ్చుకునేది కాదు. మూట వచ్చిన పూట ఆమె మొహం చూడాలి! ఆ సంబరంలో పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయేది, మేమూ నోరెత్తకుండా తినేవాళ్లం.

ఆ పేర్లకు ముడిసరుకు అందించింది మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు. కాజీపేటలో రైల్వే ఉద్యోగం. రాకెట్లంటే చెవి కోసుకునేవాడు, మాటల పుట్టుక అంటే ఇంకో చెవి కోసుకునేవాడు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, సాసరులో చాయ్ పోసుకుని మొదలుపెట్టేవాడు: రుమాలంటే పారసీలో మొహం తుడిచేదని, దుకాణమూ పరదా ఆ దారినే వచ్చాయని, మనం అచ్చ తెలుగనుకునే ఇస్త్రీ, బొత్తాము, అలమారు బుడతకీచులు, అంటే పోర్చుగీసువాళ్లు, ఓడల్లో దింపిపోయిన మాటలని. అమ్మ బియ్యం ఏరుతూ వింటూ, మరి మనదంటూ ఒక్క మాటైనా మిగిల్చావా మరిదీ అని దెప్పేది.

చంద్రుడి మీద మనిషి కాలు పెట్టినప్పుడు నేను చిన్నదాన్ని. ఆ ఏడు తెల్లటి గుండ్రటి బుటాలున్న చీరకు అమ్మ అపోలో అని పేరు పెట్టిందట. డెబ్బై ఐదులో మన మొదటి ఉపగ్రహం ఎగిరినప్పుడు మాత్రం నాకు బాగా తెలుసు. చిన్నాయన పేపరు పట్టుకుని సైకిలు స్టాండు కూడా వేయకుండా లోపలికి పరుగెత్తుకొచ్చాడు. పేపర్లో బొమ్మ చూస్తే పలకలు పలకలుగా సానబెట్టిన రాయిలా ఉంది. మంచం మీద అచ్చంగా అలాంటి పలకల గళ్ల చీర ఉంది. అంతే, ఆ చీర ఆర్యభట్ట అయిపోయింది. తర్వాత రెండు రూపాయల నోటు మీద కూడా ఆ బొమ్మ వచ్చినప్పుడు, అమ్మ నోటునూ చీరనూ పక్కపక్కన పెట్టుకుని, సర్కారు తన తర్వాతే మేలుకుందని మురిసిపోయింది.

ఆ రోజుల్లోనే చిన్నాయన ఒక సాయంత్రం, రష్యావాళ్లు మొట్టమొదట ఎగరేసిన స్పుత్నిక్ పేరుకు వాళ్ల భాషలో తోటి బాటసారి అని అర్థమనీ, ఇంగ్లీషువాళ్ల శాటిలైట్ మాత్రం పాత లాటిన్‌లో దొరవారి వెంట తిరిగే బంటు అనీ చెప్పాడు. అమ్మ చేట పక్కన పెట్టి, "అయితే నేనూ గదే గదా మరిదీ! పొద్దుగాల లేస్తే మీ అన్న చుట్టే తిరుగుతున్న" అంది. పరదా అవతల బాపు దగ్గడం వినిపించింది. మేం ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం.

డెబ్బై ఎనిమిది ఎండాకాలం పెళ్లిళ్లకు ఆ నీలం చీర వచ్చింది. అంచు నిండా నాలుగు రేకుల వెండి పువ్వులు. చిన్నాయన దాన్ని చూడగానే అమెరికావాళ్లు ఆకాశంలో కట్టిన స్కైలాబ్‌కు ఉన్న నాలుగు రెక్కలు ఇలాగే ఉంటాయని, తన దగ్గరున్న పాత పత్రికలో ఫొటో చూపించాడు. ల్యాబ్ అంటే ఏమిటని అమ్మ అడిగింది. పని చేసే చోటు అని చెప్పాడు. అందులో మగవాళ్లు నెలల తరబడి ఉండి, వండుకుని, తిని, ఊడ్చుకున్నారని కూడా చెప్పాడు. "పని చేసే చోటంటె ఇల్లే గదా! మొగోల్లు ఊడ్సిన ఇల్లు ఆకాశంల ఉన్నదన్నమాట" అని అమ్మ ఎంత ముచ్చటపడిందో! స్కైలాబ్ చీర ఆ సీజనంతా ఊపిరి సలపకుండా అమ్ముడుపోయింది.

మరుసటేడు అది పడిపోతోందన్న వార్త వచ్చింది. ఎక్కడ పడుతుందో చెప్పలేమన్నారు. ఇక చూడండి, కోళ్లు కోసుకు తిన్నవాళ్లు తిన్నారు, మొక్కులు తీర్చుకున్నవాళ్లు తీర్చుకున్నారు, చచ్చిపోయేదానికి కలుపు తీయడమెందుకని చేనుకు పోనివాళ్లున్నారు. మా దుకాణానికి వేరే గండం వచ్చింది. ఒక మధ్యాహ్నం మడికొండ నుంచి ఒకావిడ వచ్చి నీలం చీరను గద్దె మీద విసిరి, "సేటూ, గిది నువ్వే ఉంచుకో. గీ చీర ఉన్న ఇంటి మీదనే పడ్తదట. పైసలు నాకొద్దు, ఇంట్ల చీర ఉండొద్దు" అంది. వెనకే ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. కట్టినవి, కట్టనివి, పసుపు మరకలున్నవి అన్నీ కుప్పపడ్డాయి. చివరికి ఒకామె కొత్త కోడల్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్ల కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన చీరట, ఇంటికి అరిష్టం తెచ్చిందని అత్త సతాయిస్తోంది. "మంచి చీరకు గా పాడు పేరు ఎవడు పెట్టిండు సేటూ?" అని అత్తగారు నిలదీసింది.

పరదా ఇవతల అమ్మ, అమ్మ పక్కన నేను. బాపు ఏదో సర్దిచెబుతాడనుకున్నాను. "మా ఇంట్లది పెట్టింది. ఆడోల్ల పని, నాకేమెరుక?" అన్నాడు.

అన్నేళ్లలో ఆ పేర్లు అమ్మ పెట్టినవని బాపు నలుగురిలో చెప్పడం అదే మొదలు, అదే ఆఖరు. నాకు ఒళ్లు మండిపోయింది. బాపు మంచివాడు, మమ్మల్ని ప్రాణంగా చూసుకున్నాడు, ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ ఒక్క మాటకు నేనింకా ఆయనను క్షమించలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు, తలెత్తకుండానే, ఇక పేర్లు పెట్టడం బంద్ అన్నాడు. అమ్మ మజ్జిగ పోసింది.

అది పడుతుందని చెప్పిన రోజు బజారంతా బోసిపోయింది. పొద్దున్నే అమ్మ తలస్నానం చేసి, వాపసు వచ్చిన కుప్పలోంచి ఒక నీలం చీర తీసి కట్టుకుంది. తలలో పూలు పెట్టుకుంది. చింతపండు చేట చంకన పెట్టుకుని, పరదా తీసి, దుకాణంలోంచి నడిచి వెళ్లి, ముందరి అరుగు మీద అందరికీ కనబడేలా కూర్చుంది. బాపు గద్దె దిగి వచ్చి, ఇదేం పని, లోపలికి నడవమని పళ్లు బిగబట్టి అన్నాడు. అమ్మ చింతగింజ తీసి పక్కన పడేస్తూ, "పేరు నేనే పెట్టిన గదా. పడేదుంటె నా మీదనే పడనియ్యుండ్రి" అంది. బాపు తిరిగి వెళ్లి గద్దె ఎక్కాడు.

కాసేపటికి చిన్నాయన వచ్చి, సైకిలు గోడకు ఆనించి, వదిన పక్కన అరుగు మీద కూర్చుని తనూ గింజలు తీయడం మొదలుపెట్టాడు. తలుపుల సందుల్లోంచి బజారంతా చూసింది. నేను మాత్రం మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాను. భయం కాదని అబద్ధమెందుకు చెప్పాలి, చచ్చేంత భయం వేసింది. పొద్దుగూకాక అమ్మ లేచి చీర దులుపుకుని దీపం పెట్టడానికి లోపలికి వచ్చింది. ఆ దీపం వెలిగించడానికి ఆమెకు నాలుగు అగ్గిపుల్లలు పట్టాయి.

తెల్లారి రేడియో చెప్పింది, ఎక్కడో దూరాన సముద్రంలో, కొంత ఆస్ట్రేలియాలో పడిందని. ఊరంతా నవ్వుకుంది. వారం తిరగకుండా చీరలు వాపసిచ్చినవాళ్లే మళ్లీ వచ్చారు; కొత్త కోడలి అత్త కూడా వచ్చి, మొహం అటు తిప్పుకునే చీర అడిగి తీసుకుపోయింది. గండం తప్పించిన చీరని పేరు పడి, మునుపటికంటే ఎక్కువ గిరాకీ అయింది. బాపు ఇంకో మూట తెప్పించాల్సి వచ్చింది.

మరుసటేడు మన రాకెట్టే మన రోహిణి ఉపగ్రహాన్ని పైకి చేర్చిన రోజున చిన్నాయన మిఠాయి పొట్లంతో వచ్చాడు. అదే వారంలో కొత్త మూట వచ్చింది. బంద్ అన్న బాపే దాన్ని మోసుకొచ్చి నులకమంచం మీద పెట్టి, ఎటో చూస్తూ నిలబడ్డాడు. అమ్మ అంచు తిరగేసి బొటనవేలితో రాసింది. మేమంతా ఆమె నోటి వైపే చూస్తున్నాం. "నంబరు ఉన్నది గదా, దాంతోనే అమ్ముండ్రి" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. బాపు మూట తనే కట్టుకున్నాడు.

అది కోపం కాదని నాకు తర్వాత అర్థమైంది. ఆ కొత్త కోడలి ఉబ్బిన కళ్లు అమ్మను వదల్లేదు. ఆ తర్వాత సూరత్ నుంచి చీరలు సినిమా తారల పేర్లు మోసుకుంటూ రాసాగాయి, ఎవరూ పేరు పెట్టాల్సిన అవసరమే లేకపోయింది. అయినా కొత్త మూట వస్తే అమ్మ బొటనవేలు అంచు మీద నడిచేది, పెదవులు కొంచెం కదిలేవి. ఏం పేరు పెట్టావని ఒకసారి చెవిలో అడిగాను. నవ్వి, "నాలోనే ఉండనియ్యి బిడ్డా, ఎవ్వరి మీద పడయ్" అంది. ఆ పేర్లన్నీ తనతోనే తీసుకుపోయింది.

ఇప్పుడు ఆకాశంలో ఎన్ని ఉపగ్రహాలు తిరుగుతున్నాయో నాకు తెలియదు. నా ఫోను దారి చూపేదీ, టీవీ మాట్లాడేదీ వాటి వల్లనేనంటారు, ఒక్కదాని పేరైనా చెప్పలేను. చీరలూ అంతే, ఫోనులో ఫొటో పెట్టి, ఇది ఉందా అని అడిగి కొనుక్కుంటున్నాం. ఏం చీర వదినె అని అడిగేవాళ్లు నాకు కనబడి ఎన్నాళ్లయిందో. అడిగితే చెప్పడానికి మన దగ్గర ఏముంది కనుక?

హనుమకొండ దుకాణంలో ఆ పెద్దావిడ చీరను ఒళ్లో పెట్టుకుని అంచు తడుముతోంది. ఆ పేరెవరు పెట్టారమ్మా అని సేల్స్ గర్ల్‌ను అడిగాను. "ఎవరు పెడ్తరు మేడం? అది మొదటి సంది దాని పేరే" అంది, లోకంలో అంతకంటే తేలిక సంగతి లేనట్టు. బయట ఎక్కడా అనకూడదని బాపు కట్టడి చేసిన మాట నా నోటికి వచ్చింది. బిల్లు కౌంటరు దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.

"మా అమ్మ పెట్టింది."

పెద్దావిడ చేయి అంచు మీద ఆగింది. నన్ను ఎగాదిగా చూసి, "మంచిగ పెట్టింది బిడ్డా" అని చీర మడత పెట్టమంది.