గట్టిగా అరిచిన మంచం

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో ఒక మూడంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి. అందులో నర్సు నాగవల్లి. మస్కట్‌లో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది, అక్కడి లైసెన్సు పరీక్ష పాసవడమే తరువాయి. రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

తెలివి లేకనా అంటే, అయ్యో! అబిడ్స్‌లో చెప్పుల షాపు మీద కోచింగ్ నడిపే కరుణాకర్ సార్ ఇచ్చిన బిట్ బ్యాంకు, మూడు వేల ప్రశ్నలూ ఆమెకు కంఠతా వచ్చు. నిద్రలో దోమ కుడితే చెయ్యి విదిలించేది కాదు, మలేరియా బిట్టు నంబరు చెప్పేది. ఆ నంబరు విని దోమలన్నీ సిగ్గుపడి బేగం బజార్ వైపు తరలిపోయాయని సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు. "జవాబు తెలియకపోతే అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది పెట్టెయ్యమ్మా, దేవుడున్నాడు" అనేవాడు సార్. ఆయన ఒక్క పరీక్షా రాయలేదు కాబట్టి ఎప్పుడూ ఫెయిలవలేదు.

చిక్కంతా ఒక రకం ప్రశ్నతోనే. నలుగురు రోగులు, ఒక్క నర్సు. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు? నాగవల్లికి ఇదసలు ప్రశ్నలాగే అనిపించలేదు. గట్టిగా అరిచినవాళ్ల దగ్గరికి! ఆసుపత్రి మేనేజర్ రవిచంద్ర ఐదేళ్లుగా ఆమెకు నేర్పిన వైద్యశాస్త్రమంతా అదే. పరీక్షలోనూ అరిచేవాణ్నే ఎంచుకుంది. రెండుసార్లూ.

మూడో పరీక్ష వారం ఉందనగా, రెండో మంచం మీద కాలు బెణికిన పెద్దమనిషి ఏసీ చాలట్లేదని కేకలు పెట్టాడు. నాగవల్లి రిమోట్ పట్టుకుని పరిగెత్తింది. ముసలి ఆయా జయమ్మ ఆమె జబ్బ పట్టి గుంజింది.

"ఏడికి బిడ్డా? గా మూల మంచం జూడు. గాయన చెమటలు కక్కుతున్నడు."

"ఆయన పిలవలేదు కదా జయమ్మా!"

"పానం వోతుంటే నిన్ను పేరువెట్టి పిలుస్తడా? ఉరుకు, డాక్టర్ సాబ్‌ను తోల్కరా. గీ అరిసేటోనికి ఊపిరి మస్తుగున్నది, గీయన ఫికర్ జెయ్యకు."

నాగవల్లి రిమోట్ పక్కన పడేసి డాక్టర్ కోసం పరిగెత్తింది. మూల మంచం ఆయనది గుండెపోటు. బతికాడు. ఆ రోజు నుంచి బిట్ బ్యాంకు వార్డులోని కుంటి కుర్చీ కాలి కింద ఆసరాగా కుదురుకుంది. నాగవల్లి మాత్రం వార్డులో నోరెత్తని వాళ్లను ముందు చూడటం మొదలుపెట్టింది. పరీక్షలోనూ అంతే చేసింది.

పాసైన కబురు వచ్చిన మర్నాడే అబిడ్స్‌లో ఫ్లెక్సీ లేచింది. అందులో నాగవల్లి ఫొటో చిన్నది, కరుణాకర్ సార్‌ది పెద్దది. ఆ రోజే రవిచంద్ర మెమో కూడా చేతికిచ్చాడు. ఏసీ రిమోట్ ఆలస్యమైందని రెండో మంచం పెద్దమనిషి ఫిర్యాదు పెట్టాడట, సంజాయిషీ కావాలట.

నాగవల్లి అక్కడే నిలబడి రాసిచ్చింది: "వారు అరుస్తున్నారు. అందువల్ల బతికే ఉన్నారని తెలిసింది."

రవిచంద్ర కాగితం తిప్పి చూశాడు. "ఇంతేనా? ఇంకాస్త పొడుగ్గా రాయమ్మా!"