రెండూళ్ళలో రెండు సైకిళ్ళు

ఆ రోజుల్లో మా తిరుత్తణిలో సైకిలున్నవాడు పెద్దమనిషి. రెండు సైకిళ్ళున్నవాడు అనుమానించదగ్గ మనిషి. ఈ సూక్ష్మం తెలియని వయసులో నాకు తిరువళ్ళూరులో ఒక పంపుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఇంటినుంచి స్టేషనుకు సైకిలు, అక్కణ్ణుంచి రైలు, రైలు దిగాక నడక. అది రెండు మైళ్ళేనని లోకం అంటుంది గానీ, ఎండాకాలంలో కాశీయాత్రకేమీ తీసిపోదు. నేను చేరాక నా చొక్కా పిండితే ఒక వరిమడి తడిసేది. రైల్లో పనికిపోయే మావాళ్ళు చాలామంది అవతలి స్టేషన్లోనూ ఒక సైకిలు పెట్టుకునేవారు. నేనూ పెట్టుకుంటానంటే మా నాయన చెనిక్కాయలు వొలుస్తూ, "ఉండేది రెండు కాళ్ళే గదరా, కాలికొగ సైకిలా?" అన్నాడు. చాలా రోజులు మథనపడి, నాయన మాటకన్నా మడమ నొప్పే గట్టిదని తేల్చుకొని కొనేశాను. తేడా చూపిస్తే కొత్తది నొచ్చుకుంటుందని, రెండు చైన్ కవర్ల మీదా ఒకే పెయింటరు చేత నా పేరు, ఇంటిపేరు, పక్కన ఒక నెమలి వేయించాను. (ఆ నెమలి కోడికి దగ్గరి చుట్టం, గద్దకు దూరపు చుట్టం.)

అంతలో ఊత్తుకోట నుంచి సంబంధం వచ్చింది. పిల్ల ఫోటో చూసిన రోజునుంచి నాకు అన్నం సయించలేదు (మూడు పూటలా తిన్నాను, సయించకుండానే). మా వైపు పిల్లను కొండమీద సుబ్రమణ్యస్వామి గుడిలో చూడటం వాడుక. వాళ్ళు తిరువళ్ళూరు దాకా బస్సులో, అక్కణ్ణుంచి రైల్లో వచ్చారు. కొండ మెట్ల కింద నేను నూనె రాసిన తలతో, తుడిచిన సైకిలుతో నిలబడ్డాను. పిల్ల తండ్రి నన్ను చూడలేదు. చైన్ కవరును చూశాడు.

"ఏమబ్బా, ఇప్పుడే గదా తిరువళ్ళూరు స్టాండులో ఈ కోడిని చూసినాను! ఇదే పేరు! ఒగ మనిషికి ఆ ఊర్లో ఒగటి, ఈ ఊర్లో ఒగటి ఏల? ఆడేమన్నా చిన్నవీడు పెట్టినావా?" (చిన్నవీడంటే మన చిన్నిల్లే, అరవంలో అంటే నేరం ఇంకాస్త పెద్దగా వినిపిస్తుంది.)

"అది నెమలి మామా," అన్నాను. ఆపదలో నా నోటికి అంతకన్నా తోచలేదు.

"నేను అప్పుడే జెప్తి, రెండోది వద్దురా అని," అన్నాడు మా నాయన. (ఇంతటి సాక్ష్యం శత్రువు కూడా చెప్పడు.)

పిల్ల తండ్రి అప్పటికే వెనక్కి తిరిగి, తిరుగు రైలు ఎప్పుడని పూలమ్మే ఆమెను అడుగుతున్నాడు. ఫోటోలోని ముఖం అంత దగ్గరగా వచ్చి అంత దూరమైపోతుంటే నాకు పరువు గుర్తురాలేదు. "స్టేషన్నుంచి కంపెనీకి నడవలేక కొన్నాను మామా! రెండు మైళ్ళుండాది! నా వల్ల గాలేదు!" అని ఆ కొండంతా వినేలా అరిచాను.

వాళ్ళ తల్లి వెనకనుంచి పిల్ల గొంతు వినిపించింది. "రెండు మైళ్ళు నడవలేని మనిషి రెండు సంసారాలు యాడ ఈడుస్తాడు నాయనా?"

ఆయన నన్ను తలనుంచి పాదాల దాకా ఒకసారి కొలిచి, "అదీ నిజమే," అని మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

చేతగానితనాన్ని యోగ్యతగా చూపి పెళ్ళాడినవాణ్ణి ఈ భూమండలంలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఈమధ్య డాక్టరు రోజూ నడవమన్నాడు. తెల్లారగానే ఆవిడ ముందు, నేను వెనక. మలుపు దగ్గర ఆగి, "వస్తాండావా?" అంటుంది. వస్తున్నానంటాను. కాస్త నెమ్మదిగా పొమ్మని అడగొచ్చు. కానీ ఆవిడ అలా ఆగి వెనక్కి చూడటం మానేస్తుందేమోనని అడగను.