నీళ్ల డ్యూటీ

"దూప అయితాందే."

"జెర ఆగయ్యా, పిలుస్తరంట."

దాహమని ఆయన, ఆగమని నేను; నేనూ నా మొగుడూ ఆఖరుసారి మాట్లాడుకున్నది ఇంతే. ఆయన ఫౌజులో చేసి వచ్చిన మనిషి. నా భుజం మీద తల వాల్చాడు, మళ్లీ ఎత్తలేదు. టోకెన్ పిడికిట్లోనే ఉండిపోయింది.

ఆ "ఆగు" నా మాట కాదు. మాజీ సైనికులను చూసే ఆ ట్రస్టు దవాఖానలో, కౌంటర్ దగ్గర పసుపు పట్టీ వేసుకుని నిలబడ్డ వాలంటీర్ది. రిటైరైన సుబేదార్. "కూసున్న బల్ల మీదికెళ్లి లేవొద్దమ్మా, లేస్తే నంబర్ పోతది" అన్నాడు. నీళ్ల కుళాయేమో గేటు దగ్గర. నంబర్ పోతుందని నేను లేవలేదు. అంతా అయిపోయాక ఉరికొచ్చి ఏమన్నాడో తెలుసా? "దూపయితుందని ముందే చెప్పాలె గదమ్మా!"

ఆ మాటను మూడేళ్లు కొంగున ముడేసుకుని తిరిగాను.

అదే దవాఖానలో వాలంటీర్లకు డ్యూటీలు వేసి, వాళ్ల మంచీచెడూ చూసుకునే మనుషులు కావాలన్నారు. ఫౌజీ ఇంటి ఆడవాళ్లకే, రెండు నెలల ట్రైనింగ్. "నాలుగో తరగతి సరిపోతదా?" అని అడిగాను. "ఓపిక ఉంటే చాలమ్మా" అంది నేర్పించే మేడం. నేను ఓపికతో పోలేదు. ఆ పట్టీ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడని పోయాను.

రోజూ కాప్రా నుంచి బస్సులో పోయేదాన్ని. చదివిన నాలుగు ముక్కలూ మరిచిపోయి, పేర్లు రాయడం చేతకాక హాజరు పుస్తకంలో బొమ్మలు వేసుకున్నాను. ఒకామెకు జడ, ఒకాయనకు గొడుగు. సుబేదార్‌కు బూటు. ఆ బూట్లలో మొహం చూసుకోవచ్చు. "జీతం తీసుకోని మనిషికి మర్యాదే జీతం" అని మేడం పాఠం చెప్పింది. అతని జీతంలో కోత పెట్టేది నేనే అనుకున్నాను.

ట్రైనింగ్ ఆఖరున తలా ఒక వాలంటీర్ను వారం చూసి, ఉంచాలా, పని మార్చాలా, ఇంటికి పంపాలా చెప్పమన్నారు. అతన్ని నేనే అడిగి తీసుకున్నాను.

వారం చూశాను. తలుపులు తెరవకముందే వచ్చేవాడు. కౌంటర్‌ను తన రుమాలుతో తుడిచేవాడు. పోయేటప్పుడు పట్టీని జెండాలా మడత పెట్టేవాడు. ఎవరినీ తిట్టడు. కానీ వచ్చిన ప్రతివాడికీ అదే మాట: "లేవొద్దు, నంబర్ పోతది." ఒకరోజు తన చాయ్‌లో సగం నాకు పోసి, "మా ఇంటామె పోయినంక ఇంట్ల గోడలే ఉన్నయి మేడం. గీ కౌంటర్ లేకుంటే పిచ్చి లేస్తది" అన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. చాయ్ తాగాను. ఎక్కడ కొట్టాలో అతనే చూపించాడు.

ఇంటికి పంపాలంటే ఒక్క మాట చాలు. బస్సులో దారి పొడుగునా ఆ మాటే నోట్లో తిప్పుకున్నాను. కానీ ఇంట్లో కూర్చుంటే తనకు అన్యాయం జరిగిందని ఏడుస్తాడు, ఆ ఏడుపులో హాయిగా ఉంటాడు. వంగాల్సిన పని ఉండదు.

శనివారం పిలిచాను.

"సుబేదార్ సాబ్, సోమవారం నుంచి మీకు కౌంటర్ లేదు. నీళ్ల డ్యూటీ."

"నీళ్లా? నేనా మేడం?"

"జగ్గు, గ్లాసులు పట్టుకొని బల్ల బల్లకూ తిరగాలె. ఒక్కొక్కరి ముందట వంగి, దూప అయితుందా అని మీరే అడగాలె. వాళ్లు చెప్పేదాక ఆగొద్దు."

"జవాన్లతోని నీళ్లు తెప్పించుకున్నోణ్ణి మేడం నేను."

"మా ఆయన గూడ జవానే."

అతను నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏమన్నా గుర్తొచ్చిందో లేదో తెలియదు. నేను చెప్పలేదు, చెప్పను. పట్టీ తీసి మడత పెట్టి నా బల్ల మీద పెట్టాడు.

"ఎన్ని దినాలు మేడం?"

"నేను ఈ కుర్చీల ఉన్నన్ని దినాలు."

నేర్పించే మేడం విని చప్పట్లు కొట్టింది. "ఎంత మంచి మనసమ్మా నీది! పేషెంట్ల గురించి ఎవరూ ఇట్లా ఆలోచించలేదు" అంది. నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు డ్యూటీ మార్చినట్టు కాగితం కావాలంది, ఎందుకు మార్చానో కారణం రాసి. అందుకే మా చెల్లెలి బిడ్డను రాయడానికి కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్తున్నాను.

"పెద్దమ్మా, పేషెంట్ల సౌకర్యం కోసమని రాస్తే బాగుంటది" అంటుంది ఇది.

సౌకర్యం కాదు బిడ్డా, శిక్ష అని రాయి. రాసినవా? ఏదీ, దూప అయితాందే అన్నకాడికెళ్లి సదువు. నువ్వు మెత్తగ చేసినవో, నేను చెప్పిందే రాసినవో వింట.